రెండో గొంతు

చెవిలోకి చల్లటి ముద్ద దిగగానే వదిన భుజాలు రెండూ పైకి లేచాయి.

"కదలకు వదినా. దవడ వదులుగా పెట్టు. నోరు కాస్త తెరువు, పాడేటప్పుడు తెరుస్తావే, అంత," అంది చిట్టి.

చెవి లోపలికి దారం కట్టిన స్పంజి ముక్క ముందే పెట్టింది. ముద్ద అంతకంటే లోతుకు పోకుండా అది ఆపుతుంది. సిరంజి మొనను చెవి గోడకు ఆనించి, చేతి వేళ్ళు వదిన చెంపకు ఆసరాగా ఉంచి, గులాబీ రంగు ముద్దను మెల్లగా నింపింది. రెండో చెవి కూడా నింపేసరికి వదినకు బయటి ప్రపంచం మూసుకుపోయింది. అద్దంలో తన మొహం చూసుకుని, వినపడనివాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా అంది.

"ఇలాగే ఉంచెయ్యవే. ఇంక మీ అన్నయ్య ఏం సణిగినా నాకు పట్టింపు లేదు."

పక్క బల్ల దగ్గర అచ్చులు పోసే ఆవిడ పకపకా నవ్వింది. గుమ్మంలో నిలబడ్డ అన్నయ్య మాత్రం నవ్వలేదు. వదినను బండి మీద దింపడానికి వచ్చినవాడు, వెళ్ళకుండా అక్కడే తచ్చాడుతున్నాడు. చిట్టి చేతులు తుడుచుకుంటుంటే దగ్గరికి వచ్చి, వదిన చెవులు మూసి ఉన్నా గొంతు తగ్గించి చెప్పాడు.

"కొత్తది పాత ఇయర్‌ఫోన్‌లాగే ఉండాలి. అచ్చం అలాగే. నీ ప్రయోగాలేం వద్దు."

"సరేలే అన్నయ్యా."

"సరేలే కాదు. విన్నావా లేదా?"

"విన్నాను."

వినడం విన్నది కానీ లోపలికి తీసుకోలేదు. అన్నయ్య సంగతి తెలిసిందే. ఒకే రంగు చొక్కాలు, ఒకే రకం చెప్పులు, వదిన పాడే పాటల బృందంలో ఒకే వరసలో పాటలు. కొత్త వస్తువు ఇంట్లోకి వస్తే దాని చుట్టూ నాలుగుసార్లు తిరిగి గానీ ముట్టుకోడు. చిట్టి పనిచేసే ఈ చోట గాయకులకూ వాద్యగాళ్ళకూ వాళ్ళ వాళ్ళ చెవుల కొలతకు ఇయర్‌ఫోన్లు చేస్తారు. వేదిక మీద వాళ్ళు పాడుతున్నదీ, పక్కవాళ్ళు వాయిస్తున్నదీ వాటిలోంచే వాళ్ళకు వినిపిస్తుంది. ఎవరి చెవికి ఏ డ్రైవరు, అంటే శబ్దం పుట్టించే బుల్లి స్పీకరు, పెట్టాలి, ఏ స్వరం ఎంత మోగాలి అన్నది తేల్చేది చిట్టి. అందులో అన్నయ్య తనకు చెప్పేదేముంటుంది?

వాళ్ళు వెళ్ళాక వదిన పాత ఇయర్‌ఫోన్‌ను భూతద్దం కింద పెట్టి సన్నటి కత్తితో అతుకు వెంబడి విప్పింది. లోపల ఒకే ఒక్క డైనమిక్ డ్రైవరు ఉంది. చొక్కా గుండీ అంత. నిజానికి అది చిన్న డ్రమ్మే. పలచటి పొర కొట్టుకుంటూ గాలిని తోస్తుంది. అందుకే కింది స్వరాలు అందులో నిండుగా, ఒంటికి తగిలినట్టు వస్తాయి. కానీ పాటలో ఉన్నదంతా ఆ ఒక్క పొరే మోయాలి. గొంతు, గిటారు, డ్రమ్స్ ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయి, అంచులు కరిగి, అంతా ఒక వెచ్చటి ముద్దలా చెవికి చేరుతుంది. ఈ పొర అయితే ఒక పక్క చిరిగి కూడా ఉంది.

"ఇన్నాళ్ళూ దీంతో ఎలా పాడింది?" అనుకుంది చిట్టి.

ఆమె సొరుగులో తన సొంత అమరిక ఒకటి సిద్ధంగా ఉంది. గింజంత లోహపు పెట్టెలు నాలుగు. ఆర్మేచర్లు. ఒక్కొక్క దానిలో వెంట్రుకలాంటి రేకు అదురుతుంది. గాలిని అంతగా తోయలేవు కనుక డ్రమ్స్ మోత తగ్గుతుంది. కానీ గొంతును మాత్రం, దాని వెనక పీల్చిన ఊపిరితో సహా, అద్దంలో చూపించినట్టు చూపిస్తాయి. యజమాని విని, తల ఊపి, "ఇది నీ చేత్తో మొదట ఎవరికి చేస్తావో చెయ్" అన్నాడు. ఇంట్లో పాడే మనిషి ఉండగా ఇంకెవరికి చేస్తుంది? వదిన రాగం తీస్తుంటే గుమ్మం దగ్గర చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి నిలబడిన రోజులున్నాయి చిట్టికి. ఆ గొంతుకు తాను ఇవ్వగలిగిన మంచి వస్తువు ఇదొక్కటే.

అచ్చు గట్టిపడ్డాక గొట్టాలు కోసింది. ఒక్కొక్క డ్రైవరుకు ఒక్కొక్క పొడవు. మొనలో జల్లెడ గుడ్డ ముక్కను పట్టకారుతో పెట్టి, ఊపిరి బిగబట్టి జిగురు చుక్క వదిలింది. అన్నయ్య మాట ఒకసారి గుర్తుకు వచ్చింది. విన్నాక అన్నయ్యే ఒప్పుకుంటాడులే అనుకుని, జిగురు గట్టిపడటానికి నీలి దీపం కింద పెట్టి మూత వేసింది.

బృందం రిహార్సల్ చేసే గది ఒక కుర్చీల దుకాణం వెనకాల ఉంది. వదిన కొత్త ఇయర్‌ఫోన్లు పెట్టుకోగానే కళ్ళు పెద్దవి చేసింది.

"గిటారు అబ్బాయి వేళ్ళు తీగల మీద జారుతుంటే ఆ కీచు కూడా వినపడుతోందే."

గిటారు అతను సిగ్గుపడి వేళ్ళు చొక్కాకు తుడుచుకున్నాడు.

"కానీ డ్రమ్స్ ఏమైపోయాయి? అట్టపెట్టె మీద వాయిస్తున్నట్టుంది."

"కింది మోత కొంచెం పలచబడుతుంది వదినా. అదీ ఇదీ రెండూ నిండుగా రావు. నీకు కావలసింది గొంతే కదా."

వదిన ఒక పల్లవి అందుకుంది. తన గొంతు తనకే కొత్తగా ఉన్నట్టు మధ్యలో ఆగి నవ్వింది. ఆ రోజు కోరస్ అమ్మాయి రిహార్సల్‌కు రాలేదు. పగలు కళ్ళద్దాల దుకాణంలో పని, సెలవు దొరకలేదట. అది పెద్ద విషయంగా ఎవరికీ తోచలేదు. కోరస్ అంటే డ్రమ్స్ పక్కన నిలబడి వరస మధ్యలో రాగం తీయడమే కదా.

గొంతులూ వాద్యాలూ కలిపి పంపే మిక్సర్ వెనక నుంచి అన్నయ్య లేచి చిట్టిని బయటకు పిలిచాడు.

"ఏం పెట్టావు అందులో?"

"నాలుగు ఆర్మేచర్లు. తేడా చూశావా?"

"పాతది బాగుచేయలేవా? ఈ ఒక్క కార్యక్రమానికి."

"పొర చిరిగింది అన్నయ్యా. అతికిస్తే బరబరమంటుంది. అలాంటిదే ఇంకోటి తెప్పించాలంటే ఈలోపు కార్యక్రమం అయిపోతుంది. అయినా వదినకు నచ్చిందిగా."

ఆయన కుర్చీల గుట్టల వైపు చూస్తూ ఏదో చెప్పబోయి, "సరే" అని లోపలికి వెళ్ళిపోయాడు. చెప్పినట్టు చేయలేదని అలిగాడనుకుంది చిట్టి.

కార్యక్రమం ఒక కర్మాగారం వార్షికోత్సవం. వేదిక పక్కన తెర చాటున మిక్సర్ పెట్టుకుని అన్నయ్య కూర్చున్నాడు. తన పనితనం ఎలా ఉందో చూసుకుందామని చిట్టి ఆయన పక్కనే స్టూలు వేసుకుంది. చిన్న బృందం. ఒక్కొక్కరి చెవికి ఒక్కో తీరుగా పంపే సదుపాయం లేదు. జనానికి వెళ్ళేదే అందరి చెవుల్లోకీ వెళుతుంది.

రెండు పాటలు హాయిగా సాగాయి. మూడోది నెమ్మదిగా నడిచే పాట. చరణంలో మెట్టు మెట్టుగా పైకి వెళ్ళి, అక్కడ ఒక మాట మీద నిలబడాలి. వదిన పైకి వెళ్ళింది. వెళ్ళీ వెళ్ళగానే ఆమె ఎడమచెయ్యి చెవి మీదికి పోయింది. గట్టిగా నొక్కుకుంది. పాడుతూనే తల కొద్దిగా వెనక్కి తిప్పింది.

డ్రమ్స్ పక్కన కోరస్ అమ్మాయి కళ్ళు మూసుకుని, మైకును పెదవులకు ఆనించుకుని పాడుతోంది. అదే చరణం. అదే స్వరం. ఆ చోట కోరస్ పాడాల్సింది ఏమీ లేదు.

చరణంలో ప్రతి వాక్యమూ రెండుసార్లు రావాలి. రెండోసారికి వదిన మైకు దగ్గరకు తెచ్చుకుంది, పెదవులు విప్పింది, ఊపిరి తీసుకుంది. తీసుకున్న ఊపిరి అలాగే పట్టి ఉంచింది.

పాట ఆగలేదు. సభ నిండా పెట్టిన స్పీకర్లలోంచి ఒక సన్నటి పడుచు గొంతు, నిండుదనం లేకున్నా తప్పు లేకుండా, పై మెట్టు ఎక్కి నిలబడింది. సగంలో ఆ అమ్మాయి కళ్ళు తెరిచింది. తనొక్కతే ఉన్నానని తెలిసి గొంతు కొంచెం వణికింది. అయినా వదిలేయలేదు.

అన్నయ్య వేలు మిక్సర్ మీద ఆ అమ్మాయి మైకు మీట దగ్గరే ఉంది. దాన్ని కిందికి లాగితే పాట ఆగిపోతుంది. లాగలేక, వదలలేక, ఆ వేలు అక్కడే ఉండిపోయింది. చిట్టి ఆ మీటను చూసింది, ఆయన మొహాన్ని చూసింది. ఇది ఆయన ఏర్పాటేనని తెలిసిపోయింది.

వదిన పల్లవి దగ్గర మళ్ళీ అందుకుంది. జనం చప్పట్లు కొట్టారు. చివర పేర్లు చదివేటప్పుడు ఎప్పటిలాగే వదిన పేరు ముందు వచ్చింది. కోరస్ అమ్మాయిది "బృందం" అన్న మాటలో కలిసిపోయింది. తిరుగు ప్రయాణంలో తన మలుపు రాగానే ఆ అమ్మాయి వ్యాను దిగి, "వెళ్ళొస్తాను అక్కా" అంది, నేల చూస్తూ.

"జాగ్రత్తగా వెళ్ళు," అంది వదిన.

మర్నాడు చిట్టి కిందికి దిగేసరికి వదిన బట్టలు మడతపెడుతోంది. చొక్కా చేతులు కొలిచినట్టు సమంగా తెచ్చి, అంచుకు అంచు కలిపి, అరచేత్తో అదిమి. ఒకసారి మడిచింది విప్పి మళ్ళీ మడిచింది. వదిన పని చేస్తుంటే ఏదో ఒక రాగం ఇంట్లో తిరుగుతూ ఉండేది. ఆ రోజు లేదు.

"వదినా."

"పొయ్యి మీద టీ ఉంది. వేడిచేసుకో."

అంతే. చిట్టి టీ వేడిచేసుకోకుండానే మేడ మీదికి వెళ్ళిపోయింది. కాసేపటికి అన్నయ్య వచ్చాడు. ఆమె మంచం చివర కూర్చుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఎప్పటి నుంచి?" అని అడిగింది చిట్టి.

"గొంతుకు ఆపరేషన్ అయినప్పటి నుంచి. కింద అంతా బాగానే ఉంది. పై స్వరాలు నిలవట్లేదు. కొంచెం జారుతున్నాయి. తనకు తెలియదు. నిలుస్తున్నాయనే నమ్మకంతో మిగతా పాటంతా ఎంత బాగా పాడుతోందో నువ్వే విన్నావు. ఆ పిల్ల గొంతు కింద కొంచెం పెడితే రెండూ కలిసిపోయేవి. తన చెవిలో కూడా."

"పాత డ్రైవరు కలిపేసేది."

"అవును. తనదే అనుకునేది."

"ఎందుకు వద్దంటున్నావో ఒక్క మాట నాతో అని ఉంటే పాతదే చేసేదాన్ని కదా అన్నయ్యా."

"నీతో అంటే నీకు తెలిసేది. నీకు తెలిస్తే నీ మొహం చూసి తను పట్టేసేది. మీ ఇద్దరి సంగతి నాకు తెలియదా?"

చిట్టికి ఏడుపు వచ్చింది. తనమీద వచ్చిన ఏడుపులో ఆయన మీద కోపం కూడా కలిసి ఉంది.

"మరి ఆ అమ్మాయి? పేరు లేకుండా ఎన్నాళ్ళు పాడాలి?"

అన్నయ్య తల ఎత్తలేదు. "సాయం చెయ్యమని అడిగాను. ఒప్పుకుంది," అన్నాడు. ఆ మాట ఆయనకే చాల్లేదని ఆయన కూర్చున్న తీరులోనే తెలుస్తోంది. లేచి మెట్లు దిగి వెళ్ళాడు.

చిట్టి పనిలోకి వెళ్ళి వదిన చెవి అచ్చులు మళ్ళీ బయటికి తీసింది. ఈసారి కింది స్వరాలకు డైనమిక్ డ్రైవరు, పైవాటికి ఒక్క ఆర్మేచర్. రెండు రకాలూ కలిపితే నిండుదనమూ వస్తుంది, స్పష్టతా కొంత మిగులుతుంది. చిక్కల్లా రెండూ కలిసే చోట. ఒకటి గాలిని తోసే పొర, ఇంకొకటి అదిరే రేకు. ఒకటి మెల్లగా ఆగుతుంది, ఇంకొకటి చటుక్కున ఆగుతుంది. కలిసే చోటు సరిగ్గా ఆడగొంతు పలికే మేరలో పడితే, ఒకే మాట సగం ఒకరు, సగం ఇంకొకరు పలికినట్టు ఉంటుంది. ఆ అతుకును గొంతు అందని పై స్వరాలకు జరిపింది. గొట్టాన్ని రవ్వంత కోసి మళ్ళీ విన్నది. జల్లెడ గుడ్డ మీద ఇంకో జల్లెడ గుడ్డ వేసింది. కంప్యూటరు తెర మీద శబ్దం గీత నున్నగా వచ్చింది. ఇన్నాళ్ళూ మసక తుడవడానికి నేర్చిన పనితో ఇప్పుడు మసక తయారుచేస్తున్నానని ఆమెకు తెలుస్తూనే ఉంది. అచ్చుల ఆవిడ ఏదో అడిగితే వినిపించుకోలేదు.

వదిన తానే అక్కడికి వచ్చింది. చిట్టి ఇచ్చిన కొత్త జత పెట్టుకుని, కార్యక్రమంలో రికార్డు చేసిన ఆ మూడో పాటే పెట్టమంది. కళ్ళు మూసుకుని మొదటి చరణం దాకా విన్నది.

"మెత్తగా ఉంది. డ్రమ్స్ తిరిగొచ్చాయి," అంది. తర్వాత, "నేనూ ఆ పిల్లా మళ్ళీ ఒక్కరమైపోయాం. బాగా చేశావు" అంది.

చిట్టి ఊపిరి వదిలేలోపే ఆమె వాటిని చెవుల్లోంచి తీసి, గుడ్డతో తుడిచి, బల్ల మీద పెట్టింది.

"ఎక్కడ కలిశామో మాత్రం తెలుస్తూనే ఉంది."

"అతుకు ఇంకా సరిచేస్తాను వదినా. ఇంకొంచెం..."

"నీ పనిలో అతుకు కాదే పిచ్చిదానా. ఒకసారి విన్నాక విననట్టు ఉండటం నావల్ల కావట్లేదు."

చిట్టి పట్టకారును తిప్పుతూ కూర్చుంది. "అన్నయ్య చెప్పినట్టు పాతదే చేసి ఉంటే..."

"చేసి ఉంటే నేను ఇంకో రెండేళ్ళు సంతోషంగా పాడుకునేదాన్ని," అంది వదిన. ఆ మాటలో నిష్ఠూరం లేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. "ఆ పిల్ల ఇంకో రెండేళ్ళు డ్రమ్స్ పక్కన నిలబడేది. అది కూడా నిజమే. అయినా నాకు పోయిన ఆ నా రెండేళ్ళే గుర్తొస్తున్నాయి చిట్టీ, ఏం చెయ్యను?"

చిట్టి క్షమించమని అడగబోయింది. వదిన లేచి సంచీ భుజాన వేసుకుంది.

"రేపు ఆ పిల్లను తీసుకొస్తా. చెవుల కొలత తీసుకో. నాకు మొదట చేశావే, అలాంటిదే చెయ్. తనకు తన గొంతు వినపడాలి."

మర్నాడు కోరస్ అమ్మాయి కుర్చీ అంచున కూర్చుంది. చిట్టి చెవిలోకి దీపం వేసి చూస్తుంటే గభాలున వదిన చెయ్యి పట్టుకుంది.

"అక్కా, సారు చెప్పినట్టే చేశాను. మీ పాట చెడగొడదామని కాదు."

"చెడగొట్టలేదు. నిలబెట్టావు. కోపం అందుకే," అంది వదిన. "నీ మీద కోపం తగ్గడానికి కాస్త టైము పడుతుంది. తగ్గాక మాట్లాడతా. ముందు చెవి ఇటు తిప్పు."

ఆ అమ్మాయి చెవి తిప్పింది. ముద్ద చల్లగా దిగుతుంటే కళ్ళలోంచి నీళ్ళు కారాయి. చిట్టి ఏమీ చూడనట్టు తడి చెంపకే వేళ్ళు ఆనించి సిరంజి నొక్కింది.

తర్వాతి కార్యక్రమం ఒక పాత సభామందిరంలో. మొదలవబోయే ముందు వదిన మిక్సర్ దగ్గరికి వచ్చి నిలబడింది. ఇన్ని రోజులూ అన్నయ్యతో ఇంటి పనుల మాటలు తప్ప మాట్లాడలేదు.

"నా గొంతు ఎంత ఉంటే అంతే ఉంచండి. దాచొద్దు, పెంచొద్దు," అంది.

"సరే," అన్నాడు అన్నయ్య. ఆమె ఇంకేమైనా అంటుందేమోనని మొహం ఎత్తే ఉంచాడు. ఆమె వెళ్ళి డ్రమ్స్ పక్కన నిలబడింది.

కోరస్ అమ్మాయి ముందుకు వచ్చి మైకు పట్టుకుంది. మొదటి వాక్యం బెదురుతూ వచ్చింది. రెండోదాంట్లో ఊపిరి చాల్లేదు. అప్పుడు వెనక నుంచి, ఒక మెట్టు కింద, వదిన గొంతు వచ్చి చేరింది. నిండుగా, తొణక్కుండా. ఇది రెండు గొంతుల పాటని ఎవరికైనా తెలిసేలా. ఆ అమ్మాయి భుజాలు దిగాయి. మూడో వాక్యం నుంచి పాట ఆమెదైపోయింది.

అన్నయ్య మీటల మీద చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చిట్టికి ఆ పాట బాగుందనిపించింది. కానీ ముందు నిలబడి వదిన పాడే పాట ఇంక లేదు. దాన్ని ఆపింది తన చేతులే.

అంతా అయ్యాక వేదిక మీద తీగలు చుడుతుంటే నడివయసు ఆవిడ ఎవరో మెట్లెక్కి వచ్చింది. నేరుగా వదిన దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ పట్టుకుంది.

"మొన్న కర్మాగారంలో మీ పాట విన్నానండి. ఒక చరణంలో పైకి వెళ్ళి నిలబడ్డారు చూడండి, నాకు ఒళ్ళు జలదరించింది. మళ్ళీ అది విందామనే వచ్చాను. ఇవాళ మీరు వెనక నిలబడ్డారేంటి?"

అన్నయ్య చేతిలో తీగ చుట్ట సగంలో ఆగింది.

"ఆ రోజు ఆ చోట పాడింది ఈ అమ్మాయేనండి," అంది వదిన, కోరస్ అమ్మాయిని చూపించి.

ఆవిడ ఆ అమ్మాయిని చూసింది, వదినను చూసింది, ఆప్యాయంగా నవ్వింది. "ఎంత పెద్ద మనసండీ మీది. చిన్నవాళ్ళను పైకి తేవాలంటే ఇలాగే ఉండాలి." వదిన చేతులు మరొక్కసారి నొక్కి వదిలి, మెట్లు దిగింది.

"పర్లేదక్కా," అంది కోరస్ అమ్మాయి, చిన్నగా.

వదిన అక్కడితో ఊరుకోవచ్చు. చెప్పాల్సింది చెప్పింది, అవతలివాళ్ళు నమ్మకపోతే తన తప్పేముంది? అలా ఊరుకుంటుందనే చిట్టి అనుకుంది. ఊరుకుంటే బాగుండునని కూడా, లోపల, అనుకుంది.

వదిన చెప్పులు కూడా వేసుకోకుండా వేదిక దిగింది. ఖాళీ అవుతున్న కుర్చీల మధ్య నుంచి గబగబా నడిచి, తలుపు దగ్గర ఆవిడను అందుకుంది. ఆవిడ మళ్ళీ సంతోషంగా చేతులు పట్టుకుంది. వదిన మాట్లాడుతోంది. ఒకసారి తన గొంతును తాకి చూపించింది, ఒకసారి వేదిక వైపు. అంత దూరం నుంచి చిట్టికి ఒక్క ముక్కా వినపడలేదు. ఆవిడ మొహంలో నవ్వు మెల్లగా తగ్గడం, వదిన చేతులు పట్టుకున్న ఆ చేతులు వదులవ్వడం మాత్రం కనిపించాయి.